పుర్రచేతి అల్లిక

మాది పొన్నూరు. కాలేజీలో చేరిన మొదటి వారం ఈ మాట చెప్పగానే "ఓ, ఖద్దరు నేస్తారు కదా మీ ఊళ్ళో!" అన్నాడు రూమ్మేట్. అది పొందూరు రా బాబూ, శ్రీకాకుళం జిల్లా. మాది గుంటూరు జిల్లా. రైల్లో వస్తే స్టేషన్ బోర్డు మీద నిడుబ్రోలు అని ఉంటుంది, దిగితే పొన్నూరు. పెద్ద ఆంజనేయస్వామి, ఎండ, చెమట. ఊరంతా వెతికినా స్వెటర్ ఉన్న ఇళ్ళు పది దొరకవు. అలాంటి ఊళ్ళో, రోహిణి కార్తెలో, ఫ్యాన్ కింద కూర్చుని నేను ఊలు అల్లడం నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నానో, ఎలా నేర్చుకున్నానో చెప్తాను. నవ్వుకోవాలంటే నవ్వుకోండి, మా హాస్టల్ ఇప్పటికే నవ్వేసింది.

పోయిన ఏడు మే నెలలో అక్క ఫోన్ చేసి నవంబర్‌లో డెలివరీ అని చెప్పింది. అక్కావాళ్ళు ఉండేది కెనడాలో, ఎడ్మంటన్. నవంబర్ నుంచి అక్కడ మంచు. జనవరిలో మైనస్ ముప్పై కూడా చూస్తారట. అమ్మ వెళ్ళాలి, వీసాకి పెట్టాలి. ఆ రాత్రి నుంచే అమ్మ లిస్టు మొదలైంది. గోంగూర పచ్చడి, కారం, వాము, శొంఠి, పాత నూలు చీరలు చింపిన మెత్తటి గుడ్డలు. నాన్న టికెట్ డబ్బులు చూస్తున్నాడు. అందరూ ఏదో ఒకటి పంపిస్తున్నారు. నేనేం పంపాలి? నాకు వచ్చింది అంతా రెండు సప్లీలు, ఒక ఆర్డ్యుయినో బోర్డు.

యూట్యూబ్‌లో ఏదో వెతుకుతుంటే చిన్న పిల్లల టోపీ అల్లడం అని వీడియో వచ్చింది. ఇరవై నిమిషాలే. నాలుగు సెమిస్టర్ల సిలబస్ యూట్యూబ్‌లోనే చదివినవాడికి టోపీ ఒక లెక్కా అనుకున్నాను.

గుంటూరు వెళ్ళి పట్నం బజార్లో ఊలు అడిగితే షాపాయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. "ఊలా? ఈ ఎండల్లోనా? స్కూలు ప్రాజెక్టుకా బాబూ?" అన్నాడు. అవునన్నాను. వెనక అరలోంచి దుమ్ము దులిపి తీశాడు. ఉన్నది ఒకటే రంగు, మిరపపండు ఎరుపు. గుంటూరులో ఇంకే రంగు ఉంటుంది లెండి. సూదులు మాత్రం ఆన్‌లైన్లో తెప్పించాను. నాలుగున్నర మిల్లీమీటర్లవి, వెదురువి.

వీడియోలో ఆవిడ కుడిచేత్తో దారం పట్టుకుని, సూది దూర్చి, దారాన్ని సూది చుట్టూ తిప్పి లాగుతోంది. దీన్ని ఇంగ్లీషు పద్ధతి అంటారు, దారాన్ని విసిరినట్టు ఉంటుంది. దూర్చు, చుట్టు, లాగు, వదులు. నాలుగే స్టెప్పులు. ఫర్ లూప్ రాసినంత తేలిక అనిపించింది. గంట తర్వాత నా చేతిలో ఆరు వరుసలు, మెడలో నొప్పి, చూపుడు వేలికి ఎర్రటి గీత మిగిలాయి. రెండో సూది కుట్లలోకి దూరనంటోంది, అంత బిగుతు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాది పుర్రచేతి వాటం. తినేది కుడిచేత్తో, ఎవరికైనా డబ్బులిచ్చేది కుడిచేత్తో, హారతి తీసుకునేది కుడిచేత్తో. అవన్నీ నేర్పించినవి. రాసేది, బంతి విసిరేది, స్క్రూ తిప్పేది ఎడంచేత్తో. అవి నా సొంతం. ఒకటో క్లాసులో పలక మీద ఎడంచేత్తో రాస్తుంటే స్కేలుతో కొట్టిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. అందుకని కొత్త పని ఏది మొదలుపెట్టినా నా రెండు చేతులూ ముందు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి, ఇది నీ డిపార్ట్‌మెంటా నా డిపార్ట్‌మెంటా అని.

సరే, అద్దంలోలాగా తిప్పి అల్లితే పోలా అనుకున్నాను. ఎడంచేతి వాళ్ళు అలా అల్లేవాళ్ళూ ఉన్నారు, కుట్లు ఎడమ నుంచి కుడికి వెళ్తాయి. కానీ వీడియోలో కుడి అన్నచోటల్లా ఎడమ అని, ఎడమ అన్నచోటల్లా కుడి అని మనసులో మార్చుకోవాలి. రెండ్రోజులకు బుర్ర వేడెక్కింది. తర్వాత పోర్చుగల్ పద్ధతి చూశాను. అందులో దారాన్ని మెడ చుట్టూ వేసుకుని బొటనవేలితో మీటుతారు. చూడ్డానికి భలే ఉంటుంది. పొన్నూరులో మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మెడలో ఊలు వేసుకుని చూడండి, ఎలా ఉంటుందో!

ఈ లోపల వీధికి తెలిసిపోయింది. ఎదురింటి పిన్ని గుమ్మం దగ్గరే ఆగి "ఏందక్కా, మీవాడు కుట్లు అల్లికలు నేర్చుకుంటన్నాడంట, సంబంధాలేమన్నా చూస్తన్నారా?" అని అమ్మనడిగింది. నాన్నకి ఎరువుల కొట్టు ఉంది, రాత్రి తొమ్మిదికి వస్తాడు. సూదుల వైపు చూసి "ఇందుకారా ఇంజినీరింగు?" అని ఒక్క మాట అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

వారం కష్టపడి మొదటి టోపీ పూర్తి చేశాను. అరవై కుట్లు. దాన్ని ఎవరికి పెట్టి చూడాలో తెలియక వంటింట్లో ఉన్న బత్తాయికి పెట్టాను. సరిగ్గా సరిపోయింది. బత్తాయికి!

అమ్మమ్మ మంచం మీద నుంచి ఇదంతా చూస్తోంది. చూస్తోంది అనడం అలవాటు కొద్దీ. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. మనుషుల్ని పోల్చుకుంటుంది, సూదిలో దారం ఎక్కించలేదు. తాతయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. ఆవిడ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్ళు గుంటూరు జిల్లా నీళ్ళు తాగినా ఆ యాస పోలేదు. మేం "ఏందీ" అంటే ఆవిడ "ఏంటీ" అంటుంది.

"ఏంట్రా నాన్నా అది, ఇలా పట్రా" అంది. బత్తాయి టోపీ చేతికిచ్చాను. చూడలేదు, వేళ్ళతో తడిమింది. బొటనవేలు, చూపుడు వేలు మధ్య వరుస వరుసనీ జరుపుకుంటూ వెళ్ళింది. "గొంతు పిసికేశావురా దీన్ని" అంది. ఇంకొంచెం జరిపి "ఇదిగో, ఇక్కడ ఒకటి జారిపోయింది" అంది. చూస్తే నిజమే. నాలుగో వరుసలో ఒక కుట్టు వదిలేశాను, కింద నుంచి నిచ్చెనలాగా విడిపోతూ వచ్చింది. నాకు రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి, నాకు కనపడలేదు.

"నా ట్రంకు పెట్టెలో టాల్కం పౌడర్ డబ్బా ఉంటది, తే."

డబ్బాలో పౌడర్ లేదు. గుండీలు, రెండు పాత నాణేలు, కొస వంగిన సన్నటి స్టీలు సూది ఒకటి ఉన్నాయి. లేసు అల్లే సూది. దానితో జారిన కుట్టుని పట్టి, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే ఎక్కించి, పైకి తెచ్చి నా సూది మీద పెట్టింది. పది సెకన్లు పట్టిందేమో. అప్పుడు నేను అడిగిన ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అమ్మమ్మా, నీకు ఇవన్నీ వచ్చా?" అన్నాను. పుట్టినప్పటినుంచి చూస్తున్న మనిషిని.

వచ్చు. పన్నెండో ఏట మొదలుపెట్టి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టేదాకా అల్లింది. ఆ ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళు లేసు అల్లేవాళ్ళట. ఏజెంటు వచ్చి దారం తూకం వేసి ఇచ్చేవాడు, అల్లింది తూకం వేసి తీసుకునేవాడు. ఒక పువ్వుకి ఇంత, ఒక అంచుకి ఇంత. ఆ డబ్బులతోనే మా పెద్ద తాతయ్య, అంటే ఆవిడ తమ్ముడు, భీమవరంలో కాలేజీ ఫీజు కట్టాడు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు అన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

"నీకు ఏ చెయ్యి వాటంరా?" అని అడిగింది అమ్మమ్మ. ఎడమ అన్నాను. "మరి దారం కుడిచేత్తో పట్టుకుంటావేంటి?"

వీడియోలో అలాగే ఉందన్నాను. ఆవిడ ఊలు తీసుకుని నా ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, మధ్య వేళ్ళ కింద నుంచి తెచ్చి, చూపుడు వేలి మీదుగా వదిలింది. "లేసుకి మేము ఇలాగే పట్టుకుంటాం. చిటికెన వేలు బిగువు చూసుకుంటది, చూపుడు వేలు దారం అందిస్తది. కుడిచెయ్యి ఉత్తినే పొడుస్తది అంతే. దారం పట్టుకున్న చెయ్యే పెద్ద చెయ్యిరా" అంది.

పట్టుకున్నాను. కుడిచేతి సూది కుట్టులోకి దూరింది, ఎడమ వేలి మీద నిలబడ్డ దారాన్ని కొసతో గీరి ఇవతలికి తెచ్చింది. విసరడం లేదు, చుట్టడం లేదు. మెడలో నొప్పి లేదు. పది కుట్లు అయ్యేసరికి నా రెండు చేతులూ పోట్లాట మానేశాయి. ఎడమచేతికి మొదటిసారి ఎవరో అఫీషియల్‌గా పోస్టింగ్ ఇచ్చినట్టనిపించింది.

రాత్రి వెతికితే దీనికీ ఒక పేరుందని తెలిసింది, కాంటినెంటల్ పద్ధతి. జర్మన్ పద్ధతి అని కూడా అంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ అన్న మాటంటేనే పడక ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ఇది వెనకబడిందని చెబుతారు. ఇంగ్లండ్‌లో పుట్టి, 1937లో అమెరికా వెళ్ళిన ఎలిజబెత్ జిమ్మర్మన్ అనే ఆవిడ పుస్తకాలతో, టీవీ పాఠాలతో మళ్ళీ అక్కడ దీన్ని జనానికి అలవాటు చేసింది. ముందు క్రోషే నేర్చుకున్నవాళ్ళకి ఈ పద్ధతి తొందరగా పట్టుబడుతుందట, దారం పట్టుకోవడం రెండిట్లోనూ ఎడంచేత్తోనే కాబట్టి. అంటే జర్మనీ పద్ధతి నాకు నరసాపురం మీదుగా వచ్చిందన్నమాట. యుద్ధంలో దెబ్బతిన్నదీ, ఒకటో క్లాసులో దెబ్బలు తిన్నదీ ఎడంచెయ్యే కావడం నాకెందుకో నచ్చింది.

ఇక్కడినుంచి అంతా సాఫీ అని రాస్తే అబద్ధం. అల్లికలో ఉన్నవి రెండే కుట్లు, నిట్, పర్ల్. మన సున్నా, ఒకటి లాగా. నిజానికి రెండూ ఒకటే కుట్టు. ముందు నుంచి చూస్తే నిట్, వెనక నుంచి చూస్తే పర్ల్. ఈ సంగతి అర్థమైన రోజు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పాసైనంత సంతోషమేసింది. కానీ కాంటినెంటల్లో నిట్ ఎంత తేలికో పర్ల్ అంత మొండిది. దారం ముందుకు రావాలి, వేలు కిందికి వంగాలి. నా నిట్ వరుసలు బిగుతుగా, పర్ల్ వరుసలు వదులుగా వచ్చి, బట్ట మీద గట్లు కనపడేవి, అప్పుడే దుక్కి దున్నిన పొలంలాగా.

రెండో టోపీ కూడా అరవై కుట్లే. ఈసారి నా చెవుల దాకా దిగింది. అప్పుడు వెలిగింది. మొదటి టోపీలో పది సెంటీమీటర్లకు 26 కుట్లు పడ్డాయి, అరవై కుట్లంటే 23 సెంటీమీటర్లు, బత్తాయి. రెండోదానిలో చెయ్యి వదులై పదికి 17 పడ్డాయి, అరవై అంటే 35, ఊలు సాగుతుంది కాబట్టి ఇంకా పెద్దది. ఒకే ఊలు, అవే సూదులు, అవే కుట్లు. మారింది చెయ్యి ఒక్కటే. అందుకే ముందు అరచేతి ముక్క ఒకటి అల్లి, కొలిచి, లెక్క వేసుకుని అప్పుడు మొదలుపెట్టమంటారు. ల్యాబ్‌లో కాలిబ్రేషన్ చేయకుండా రీడింగులు రాసుకునేవాళ్ళకు (అంటే మనందరికీ) ఇది మంచి గుణపాఠం.

నెలాఖరులో అమ్మ వీసా ఫారాలు నింపడానికి కూర్చున్నాం. కుటుంబ వివరాల ఫారంలో దరఖాస్తుదారు తల్లి గురించి అడుగుతారు. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, వృత్తి. పక్కన అమ్మమ్మ మంచం మీద ఉంది. "వృత్తి ఏం రాయనమ్మా?" అన్నాను. "ఏముందీ, హౌస్‌వైఫ్ అని రాయి" అంది అమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ. నా చెయ్యి కీబోర్డు మీద ఆగింది.

"అమ్మమ్మా, నువ్వు లేసు ఎన్నేళ్ళు అల్లావు?"

"పదిహేనేళ్ళు ఉంటదేమో."

"రోజుకి ఎన్ని గంటలు?"

"గంటలేంట్రా, పొద్దున్న వంటయ్యాక కూర్చుంటే దీపాలు పెట్టేదాకా. వెన్నెలుంటే రాత్రి కూడానూ."

"మరి అది పని కాదా?"

"అది పనేంట్రా, ఖాళీగా కూర్చోలేక."

రోజుకి ఎనిమిది గంటలు, పదిహేనేళ్ళు, ఖాళీగా కూర్చోలేక. సరిగ్గా ఈ మాట మీదనే ఒక పుస్తకం ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతంలో లేసు అల్లేవాళ్ళ మధ్య తిరిగి రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్', 1982లో వచ్చింది. ఆవిడ చెప్పేది క్లుప్తంగా ఇది. వాళ్ళు అల్లింది విదేశాలకు వెళ్తోంది, వ్యాపారం జరుగుతోంది. కానీ వాళ్ళని ఇంట్లో కూర్చునే గృహిణులుగానే లెక్కేశారు, వాళ్ళ పనిని ఖాళీ టైములో చేసే కాలక్షేపంగా చూశారు. కాలక్షేపానికి కూలెందుకు అన్నట్టు ఇచ్చేది అతి తక్కువ. బాధ ఏమిటంటే అల్లేవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. మిషనరీలు ఆ ప్రాంతానికి ఈ అల్లిక తెచ్చింది 19వ శతాబ్దంలో. నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది 2024లో. లేసుకి పేరు వచ్చింది. అల్లిన చేతులకి ఫారంలో ఒక గడి కూడా లేదు.

ఇదంతా అమ్మమ్మకి చదివి చెప్పాను. శ్రద్ధగా విని "ఆ పుస్తకం అమ్మిన డబ్బుల్లో మావాళ్ళకేమైనా ఇచ్చిందా ఆవిడ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఫారంలో మాత్రం 'లేసు అల్లే కార్మికురాలు, రిటైర్డ్' అని ఇంగ్లీషులో రాశాను. అమ్మ చూసి "వీసాకి ఏమన్నా ఇబ్బంది అవుద్దేమోరా" అని భయపడింది. "రాసింది నిజమే కదమ్మా" అన్నాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ లైను రెండుసార్లు చదివాడు. "ఉండనీ" అన్నాడు. ఆ తర్వాత నా సూదుల గురించి నాన్న ఇంకేమీ అనలేదు. ఒక రోజు కొట్టు నుంచి వస్తూ కొలిచే టేపు తెచ్చి టీవీ దగ్గర పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడో టోపీ సెలవుల్లో మొదలై, హాస్టల్లో నడిచి, దసరా సెలవుల్లో ముగిసింది. పుట్టిన పిల్లల తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. టోపీ పట్టి ఉండాలంటే రెండు మూడు తక్కువ ఉండాలి. నా చెయ్యి అప్పటికి పదికి 18 దగ్గర నిలకడకి వచ్చింది. 32 సెంటీమీటర్లకి 58 కుట్లు. హాస్టల్లో మొదట్లో అందరూ "బామ్మగారూ" అని పిలిచారు. ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి ఒకడు వచ్చి పక్కన కూర్చుని, ఫోన్ చూడకుండా అరగంట నా చేతులనే చూసి, "ఒకసారి ఇస్తావా?" అని అడిగాడు. ఎవరో చెప్పను. ఇప్పుడు మఫ్లర్ అల్లుతున్నాడు.

పూర్తయిన టోపీని అమ్మమ్మ చేతిలో పెట్టాను. ల్యాబ్ వైవా కంటే ఎక్కువ భయమేసింది. అంచు నుంచి పై ముడి దాకా వేళ్ళతో నడిచింది. రెండు చోట్ల ఆగింది. ఆ రెండు చోట్లా ఏం తప్పు చేశానో నాకు తెలుసు. ఏమీ అనలేదు. మళ్ళీ మొదటినుంచి తడిమి, మడిచి, అమ్మ పెట్టెలో పాత నూలు చీర ముక్కల మధ్యన తనే పెట్టింది.

నవంబర్‌లో వీడియో కాల్ వచ్చింది. ఆడపిల్ల. మిరపపండు రంగు టోపీలో కళ్ళు మూసుకుని ఉంది. అమ్మ, అక్క, బావ అంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను ఫోన్ అమ్మమ్మ బాగున్న కన్ను దగ్గరగా పెట్టాను. చాలాసేపు చూసింది.

"అంచు చుట్టుకుపోతోందిరా నాన్నా" అంది. "తర్వాతదానికి రెండు కుట్లు నిట్, రెండు పర్ల్ వెయ్యి, నిలబడద్ది."

నిట్, పర్ల్ అన్న మాటలు ఆవిడకి నేనెప్పుడూ నేర్పలేదు. మంచం మీద పడుకుని నా వీడియోలు వింటూ ఉండి ఉంటుంది.

తర్వాతది మొదలుపెట్టాను. నా దగ్గర సూదులు ఇంకో జత ఉన్నాయి. మన కాలేజీలో ఎవరికైనా నేర్చుకోవాలనిపిస్తే మా గదికి రండి, నవ్వేవాళ్ళు కూడా రావచ్చు. ముందుగా ఒక్కటే అడుగుతాను, మీకు ఏ చెయ్యి వాటం అని.

- ఈసీఈ, మూడో సంవత్సరం